త్రీ నాట్ త్రీని వేరే తూటాకి మార్చొచ్చా?

ఇవాళ్టి టాపిక్ పాతబస్తీ చాయ్ హోటళ్లలో అప్పుడప్పుడూ వినిపించే ఒక మాట. "మా దాదాది పాత త్రీ నాట్ త్రీ ఉంది భాయ్. తూటాలు దొరకట్లేదు, గొట్టం మారిస్తే వేరేవి పడతాయంట." వినడానికి ఫోన్‌కి ఛార్జర్ పిన్ మార్చినంత ఈజీగా ఉంటుంది. అసలు కథ వేరే. అందులో ఇంజినీరింగ్ ఉంది, చరిత్ర ఉంది, జైలు కూడా ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కాలిబర్ అంటే ఏంటో చూద్దాం. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీలో ఒత్తి అంటించి పేల్చే పాత తుపాకులు కనిపిస్తాయి. ఆ కాలంలో గొట్టం సైజు అన్నింటికీ ఒకటే ఉండేది కాదు. ఎవరి తుపాకీకి తగ్గట్టు వాళ్లు సీసం కరిగించి, అచ్చులో గుండ్లు పోసుకునేవాళ్లు. ఫ్యాక్టరీలు వచ్చాక సైజులు ఫిక్స్ అయ్యాయి. త్రీ నాట్ త్రీ అంటే గొట్టం లోపలి కొలత 0.303 అంగుళం, అంటే దాదాపు 7.7 మిల్లీమీటర్లు. బ్రిటిష్ వాళ్ల లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అది. మన దేశంలో కోల్‌కతా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ రైఫిల్ కాలిబర్‌ని నిజంగానే మార్చారు, ఒకసారి కాదు. కానీ ప్రతిసారీ మార్చింది ప్రభుత్వమో పెద్ద ఫ్యాక్టరీయో. ప్రతిసారీ ఒక కారణం ఉంది.

మొదటిది భయం. 1857 తిరుగుబాటు తర్వాత, భారతీయుల చేతిలో ఎలాంటి ఆయుధం ఉండాలనే విషయంలో బ్రిటిష్ వాళ్లు చాలా జాగ్రత్తపడ్డారు. తర్వాతి కాలంలో పోలీసులకీ జైలు గార్డులకీ ఇవ్వడానికి ఇషాపూర్‌లో లీ-ఎన్‌ఫీల్డ్‌లని .410 మస్కెట్‌లుగా మార్చారు. గొట్టం లోపల గాడులు లేకుండా నున్నగా చేశారు. మ్యాగజైన్ ఉండే చోట చెక్క ముక్క బిగించారు. అంటే ఒక్కసారికి ఒక్కటే తూటా. చూడ్డానికి అదే రైఫిల్, కానీ సైన్యం తూటాలకి పనికిరాదు. మన భాషలో చెప్పాలంటే, కావాలనే ఫీచర్లు తీసేసిన వెర్షన్.

రెండోది లైసెన్స్. సైన్యం వాడే తూటా జనం దగ్గర ఉండకూడదు అనేది రూల్. మరి వేటగాళ్లకీ జమీందార్లకీ ఏం అమ్మాలి? అందుకే అదే లీ-ఎన్‌ఫీల్డ్ డిజైన్‌తో .315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్ వచ్చింది. దాని తూటాకి మూలం ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల తూటా. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ పద్ధతి పోలేదు. ఇప్పటికీ .303 ప్రొహిబిటెడ్ బోరే, మామూలు లైసెన్స్‌కి రాదు. .315 మాత్రం వస్తుంది.

మూడోది యుద్ధం. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవాన్ల చేతిలో ఉన్నది ఎక్కువగా ఈ త్రీ నాట్ త్రీనే. ఆ తర్వాత సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకి మారింది. కొత్త ఎస్‌ఎల్‌ఆర్‌లు చాలినన్ని వచ్చేదాకా గ్యాప్ నింపాలి. అలా ఇషాపూర్ నుంచి 2ఏ, తర్వాత 2ఏ1 రైఫిళ్లు వచ్చాయి. చాలామంది వీటిని "మార్చిన త్రీ నాట్ త్రీలు" అంటారు. అది కరెక్ట్ కాదు. పాత డిజైన్‌నే తీసుకుని, ఇంకా గట్టి స్టీల్‌తో కొత్తగా తయారు చేశారు.

ఎందుకంత కష్టం? రెండు బుల్లెట్ల మందంలో తేడా 0.1 మిల్లీమీటర్ దాకానే. కానీ 7.62 తూటా పేలినప్పుడు లోపల ప్రెషర్ ఎక్కువ. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ని లాక్ చేసే భాగాలు వెనక ఉంటాయి. అందుకే ప్రెషర్ పెరిగితే దాని బాడీ మొత్తం మీద లోడ్ పడుతుంది. పైగా .303 తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, 7.62కి అలా ఉండదు. అంటే ఖాళీ తూటాని లాగే భాగం, మ్యాగజైన్ కూడా మారాలి. ఒక ఫంక్షన్ మారిస్తే నాలుగు ఫైళ్లు బ్రేక్ అయినట్టు. కోడ్‌లో అయితే ఎర్రర్ వస్తుంది. ఇక్కడ ఎర్రర్ వచ్చేది పేల్చేవాడి మొహానికి ఆరంగుళాల దూరంలో. ఫ్యాక్టరీలో ప్రతి తుపాకీనీ ఎక్కువ ప్రెషర్‌తో, మనిషి దూరంగా ఉండి పరీక్షిస్తారు. గల్లీలో వెల్డింగ్ షాపు భాయ్ దగ్గర ఆ పరీక్ష ఉండదు.

ఇక చట్టం. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5లో తయారీ, అమ్మకంతో పాటు మార్చడం, రిపేర్ చేయడం అనే మాటలు కూడా ఉన్నాయి. వాటికి లైసెన్స్ లేకపోతే నేరమే. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. "నేను కొనలేదు, తాతదే, కొంచెం మార్పించాను అంతే" అనే మాట కోర్టులో నిలబడదు. అదే సవరణలో ఇంకోటి కూడా ఉంది. బరాత్‌లో సరదాగా గాల్లోకి కాలిస్తే 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మరి ఇంట్లో నిజంగానే దాదా తుపాకీ ఉంటే? లైసెన్స్ ఉన్న మనిషి పోయాక ఆ తుపాకీ మీ చేతిలో ఉండటమే సమస్య. దాన్ని శుభ్రం చేయడం, లోడ్ చేసి చూడటం, రీల్ తీయడం ఏవీ వద్దు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, రసీదు తీసుకోండి. పాత లైసెన్స్ పుస్తకం పారేయకండి. వారసులుగా మీ పేరు మీదకి మార్చుకోవాలంటే అప్లై చేయొచ్చు. హైదరాబాద్‌లో మామూలు బోర్ లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. ప్రొహిబిటెడ్ బోర్ అయితే విషయం కేంద్ర హోంశాఖ దాకా వెళ్తుంది.

2020 రిపబ్లిక్ డే రోజు ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి అధికారికంగా వీడ్కోలు చెప్పారు. వందేళ్లకి పైగా పనిచేసిన డిజైన్ అది. దాని మీద గౌరవం ఉంటే ఉన్నది ఉన్నట్టు ఉంచండి, గ్రైండర్ పెట్టకండి. ఈ ముక్క మీ దోస్తుల్లో ఎవరికి అవసరమో మీకే తెలుసు, వాళ్లకి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఖుదా హాఫిజ్, నమస్తే!