పలాయన దూరం: పక్షికీ కెమెరాకూ నడుమ

మనిషి దగ్గరికి వస్తున్నప్పుడు పక్షి ఎంతవరకు ఓర్చుకుని, ఎక్కడికి రాగానే ఎగిరిపోతుందో ఆ దూరాన్ని జీవశాస్త్రంలో పలాయన దూరం అంటారు. అంతకు ముందే మరో హద్దు ఉంటుంది. మేస్తున్న పక్షి మేత ఆపి, మెడ నిక్కించి, వస్తున్న మనిషి వైపు చూడడం మొదలుపెట్టే ఆ చోటును అప్రమత్త దూరం అంటారు. పక్షులను చూడడానికి వెళ్లేవారికైనా, ఫొటోలు తీసేవారికైనా మొదట తెలియవలసినవి ఈ రెండు దూరాలే. ఎందుకంటే అప్రమత్త దూరం దాటితే పక్షి సహజ ప్రవర్తన మారిపోతుంది, పలాయన దూరం దాటితే పక్షే మిగలదు.

పక్షి శత్రువును చూసిన తక్షణమే ఎగిరిపోదు. ఎగరడానికి శక్తి ఖర్చవుతుంది, మేత పోతుంది, గూడు దిక్కులేనిదవుతుంది. అందువల్ల ఉన్నచోట ఉండిపోతే కలిగే ముప్పు, లేచిపోతే కలిగే నష్టాన్ని మించినప్పుడే అది రెక్క విప్పుతుందని రాన్ ఇడెన్‌బర్గ్, లారెన్స్ డిల్ అనే శాస్త్రవేత్తలు 1986లో ప్రతిపాదించారు. తరువాత జరిగిన పరిశీలనల్లో పెద్ద పక్షులు సాధారణంగా చిన్నవాటికంటే ఎక్కువ దూరం నుంచే లేచిపోతాయని తేలింది. ఫ్లెమింగో అని పిలిచే రాజహంస ఇందుకు మంచి ఉదాహరణ; అది ఉన్నచోటి నుంచి నిట్టనిలువుగా లేవలేదు, నీటిమీద కొన్ని అడుగులు పరుగెత్తితేనే గాలిలోకి లేవగలదు కనుక ముందుగానే జాగ్రత్తపడక తప్పదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు మీద వాహనాలు సాగిపోతున్నంతసేపు పెద్దగా పట్టించుకోని పక్షులు సైతం, వాహనం దిగి బురదలో తమవైపే నేరుగా నడిచివచ్చే మనిషిని చూస్తే దూరంగా జరుగుతాయి. వేటాడే జీవి కదలిక కూడా అలాగే సూటిగా ఉంటుందన్నది దీనికి కారణం.

పులికాట్‌కు సమీపంలోని నేలపట్టు చెరువులో ఈ లెక్క మరింత కఠినంగా ఉంటుంది. 1976లో పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఈ చెరువులో, నీటిలో మునిగినా చావని కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, వక్కలు శీతకాలంలో గూళ్లు కడతాయి. గూడబాతు పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఒంటిమీద ఈకలు లేకుండా ఉంటుంది కాబట్టి ఎండ తగలకుండా తల్లిదండ్రులలో ఒకరు రెక్కల నీడ పట్టవలసి వస్తుంది, కాస్త ఎదిగాక పిల్ల తన తలను పెద్దపక్షి ముక్కు సంచిలోకి దూర్చి ఆహారం అందుకుంటుంది. మనిషి అలికిడికి తల్లి పక్షి లేచిపోయిందంటే ఆ కొద్ది నిమిషాల్లోనే గుడ్లను కాకులు ఎత్తుకుపోవచ్చు, పిల్లలు ఎండకు సోలిపోవచ్చు. అందుకే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను పాడుచేయడాన్నే కాదు, గుడ్లనూ గూళ్లనూ కలతపెట్టడాన్ని కూడా ‘వేట’ అన్న మాట పరిధిలోకే చేర్చింది. అంటే చేతిలో తుపాకి లేకపోయినా గూటి దగ్గరికి పోయే మనిషి చట్టం దృష్టిలో వేటగాడు కాగలడు.

మనిషి ఎంత మెల్లగా నడిచినా పక్షికి కనబడకుండా ఉండలేకపోవడానికి దాని కన్నే కారణం. బాతుల వంటి పక్షులకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల దాదాపు చుట్టూ ఉన్న దృశ్యమంతా ఒకేసారి కనిపిస్తుంది. మన కంటిలో రంగును గుర్తించే శంకు కణాలు మూడు రకాలైతే, పగటి పూట తిరిగే చాలా పక్షులకు నాలుగు రకాలు ఉండి, నాలుగవది అతినీలలోహిత కాంతికి లేదా ఊదా కాంతికి స్పందిస్తుంది. కాబట్టి దగ్గరికి పోవడం కాక, దూరాన్ని దృశ్య శాస్త్రంతో దాటడమే సరైన మార్గం అవుతుంది.

బైనాక్యులర్ మీద 8×42 అని రాసి ఉంటే, మొదటి అంకె అది వస్తువును ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండవది ముందున్న కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటిలోకి చేరే కాంతి పుంజం వెడల్పు. అది ఎక్కువగా ఉన్న కొద్దీ తెల్లవారుజామున, సందె వెలుగులో చిత్రం కాంతివంతంగా ఉంటుంది. ఆవర్ధనం పెరిగితే చేతి వణుకూ అంతే పెరుగుతుంది కాబట్టి, చేత్తో పట్టుకుని చూసేవారిలో చాలామంది 8 లేక 10 రెట్లు చూపే వాటితో సరిపెట్టుకుంటారు. కెమెరాలో ఈ పని నాభ్యంతరం చేస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకం చూపించే పరిమాణం కంటే 400 మిల్లీమీటర్లది ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది.

అయితే కటకం ఎంత పెద్దదైనా కదలికనూ గాలినీ జయించాల్సి ఉంటుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో ఎగిరే పక్షిని సెకనులో 125వ వంతు సేపు చిత్రిస్తే ఆ లోపే అది 12 సెంటీమీటర్లు ముందుకు పోయి చిత్రం మసకబారుతుంది, 2,000వ వంతు సేపు చిత్రిస్తే ఆ జరుగుబాటు 7.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఇక నేల, నీరు వేడెక్కిన మధ్యాహ్నం గాలి పొరల సాంద్రత క్షణక్షణం మారి, వాటిగుండా వచ్చే కాంతి వక్రీభవనం చెందుతూ వణుకుతుంది కనుక దూరాన ఉన్న కొంగ రూపం అలలు లేచిన నీటిలో నీడలా కదలుతుంది. ఎంత ఖరీదైన కటకమూ దీనిని సరిదిద్దలేదు. ఉదయపు వెలుగును ఛాయాగ్రాహకులు కోరుకోవడంలో అందమే కాక ఈ భౌతిక కారణం కూడా ఉంది.

దూరం తగ్గించే మరో ఉపాయం మరుగు. 1890ల నుంచే పక్షి గూళ్లను ఫొటోలు తీసిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ సోదరులు ఇంగ్లండ్‌లో ఎద్దు చర్మంతో చేసిన బొమ్మ లోపల దాగి కూడా ప్రయత్నించారు. ఇద్దరు మనుషులు గుడారంలోకి వెళ్లి ఒకరే బయటకు వచ్చి దూరంగా పోతే, లోపల ఒకరు మిగిలారన్న లెక్క పట్టని పక్షి గూటికి తిరిగివస్తుందన్నది పాతకాలపు మరొక పద్ధతి. ఇలాంటి ఉపాయాల్లో పక్షిని వంచించేది మనిషి రూపాన్ని మరుగు చేయడమే తప్ప, దాని వైపు నడవడం కాదు.

మనిషి అసలే లేకుండా తీసే చిత్రానికి కడప జిల్లా లంకమల అడవి ఉదాహరణ. 1848లో థామస్ జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన కలివికోడి, 1900 తరువాత కనుమరుగై, 1986 జనవరిలో మళ్లీ దొరికింది. పొదల నడుమ రాత్రిపూట తిరిగే ఈ పక్షి కోసం పరిశోధకులు మెత్తని మట్టి పట్టీలు పరచి తెల్లవారాక అడుగుజాడలు చదివారు, అరుపులను గుర్తించారు, ఒంటి వేడిమినీ కదలికనూ పసిగట్టి దానంతట అదే ఫొటో తీసే కెమెరాలను అమర్చారు. ఇక్కడ ఛాయాచిత్రం అందంగా ఉందా అన్న ప్రశ్న లేదు, పక్షి ఇంకా ఉందనడానికి అదే సాక్ష్యం.

పక్షి చిత్రంలో దూరం కూడా నమోదవుతుంది. మెడ నిక్కించి కటకంలోకే సూటిగా చూస్తున్న కొంగ బొమ్మ ఎంత నిశితంగా ఉన్నా, ఛాయాగ్రాహకుడు అప్రమత్త దూరాన్ని దాటాడని చెబుతుంది. చిన్నగా కనబడినా ఈకలు సవరించుకుంటూనో, పిల్లకు ఆహారం అందిస్తూనో ఉన్న పక్షి బొమ్మ, అతడు హద్దు దాటకుండానే నిలిచాడని చెబుతుంది. ఆ రెండవ చిత్రంలో ఉన్నదే ఆ పక్షి అసలు జీవితం.