పదిహేను వేల కిలోమీటర్లు ఎవరి లెక్క?

తొలినాటి మోటారు కార్ల యజమానులకు ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న బెంగ లేదు. మార్చడానికి లోపల పాత నూనె మిగిలితే కదా! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా ఇంజన్లలో నూనె ఒక చిన్న డబ్బాలోంచి చుక్కలు చుక్కలుగా బేరింగుల మీద పడేది. తన పని చేసి, కొంత కాలి పొగగొట్టం గుండా పోయేది, మిగిలింది కారి రోడ్డు పాలయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజన్ల విమానాల్లోనూ ఇదే తంతు. వాటిలో పోసింది ఆముదం, పెట్రోలులో అంత తేలిగ్గా కలిసిపోదు గనక. నూనెను ఇంజన్ అడుగున ఛాంబర్‌లో నిలవ ఉంచి, పంపుతో పైకి తోడి, మళ్లీ మళ్లీ తిప్పడం స్థిరపడ్డాకే దానికి వయసంటూ వచ్చింది. ఇవాళ కొత్తగా కొన్న ఖరీదైన జర్మన్ కారు తెరమీద తర్వాతి ఆయిల్ సర్వీసు 15,000 కిలోమీటర్లకో, ఏడాదికో అని కనబడుతుంది. ఆ అంకెలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది బండిని మూడు నాలుగేళ్లు వాడి వదిలేసే మొదటి యజమానికి కట్టిన లెక్క. అదే ఇంజన్ పదిహేనేళ్లు బతకాలనుకునే వాళ్లు మొదటి ఆయిల్‌ని చాలా ముందే తీసెయ్యాలి, ఆ తర్వాత కూడా కిలోమీటర్లను నమ్ముకోకూడదు అన్నది ఈ వ్యాసం వాదన.

1859లో పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వి ముడిచమురు తీసేదాకా యంత్రాలకు కందెన అంటే ఎక్కువగా జంతువుల కొవ్వు, తిమింగలం నూనె, గింజల నూనెలే. ఆవిరి యంత్రాల వేడికి కొవ్వు విరిగి, వాల్వుల మీద జిడ్డుగా గట్టిపడేది. 1866లో జాన్ ఎల్లిస్ అనే వైద్యుడు ముడిచమురులో మందు గుణాలేమైనా ఉన్నాయేమోనని వెతికాడు. మందు సంగతి ఏమైనా, ఆవిరి యంత్రాలకు చక్కగా పనికొచ్చే కందెన మాత్రం దొరికింది. తర్వాత వాల్వొలిన్ పేరుతో అమ్ముడైంది అదే. 1911లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం నూనెల చిక్కదనానికి అంకెలు పెట్టింది. డబ్బాల మీద కనిపించే 5డబ్ల్యూ-30 లాంటి గుర్తులు ఆ వంశానివే. 1923లో ప్యూరొలేటర్ ఫిల్టర్ వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తు, నూనెలో మందులు కలపడం మొదలైన 1930, 40 దశకాలు ఒక ఎత్తు. డీజిల్ ఇంజన్లలో పిస్టన్ రింగులు మసికి బిగుసుకుపోతుంటే, ఆ మసిని విడదీసి నూనెలో తేలేలా పట్టి ఉంచే డిటర్జెంట్లు కలిపారు. మరోవైపు జింకు, భాస్వరం, గంధకం ఉన్న ఒక రసాయనాన్ని మొదట బేరింగులు తుప్పు పట్టకుండా వాడి, లోహం అరగకుండా కాపాడే గుణం దానికి ఉందని ఆ తర్వాత గ్రహించారు. దీంతో ఆయిల్ మార్చడమనే పనికి అర్థమే మారింది. నల్లబడిన నూనె పాడైనట్టు కాదు, మురికిని తనలో పట్టుకున్నట్టు. దాన్ని దించితే ఆ మురికి బయటికి పోతుంది. కొత్తది పోస్తే ఖర్చయిపోయిన మందులు మళ్లీ చేరతాయి. వేలితో తాకి, రంగు చూసి ఇంకా బాగానే ఉందనే మాటకు అప్పటినుంచే విలువ పోయింది. మెకానిక్ చెప్పినా సరే.

మన దగ్గర కూడా ఒకప్పుడు 5,000 కిలోమీటర్లంటే దాదాపు శాసనం. అమెరికాలో దానికి సమానమైనది 3,000 మైళ్లు. అది పెరగడానికి గట్టి కారణాలే ఉన్నాయి. 1970ల్లో సింథటిక్ నూనెలు మామూలు కార్లకు అందాయి. అమ్సాయిల్ 1972లో, మొబిల్ 1 ఆ తర్వాత రెండేళ్లకు వచ్చాయి. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక నూనెలో దిగే పెట్రోలు తగ్గింది. సీసం కలిపిన పెట్రోలు పోయింది. చిన్న కారు ఇంజన్‌లో సుమారు 3 లీటర్లు పడితే, బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్‌లో 6.5 లీటర్లు పడుతుంది. అదే మురికి రెండింతల నూనెలో పలచబడుతుంది. ఇంతవరకు ఇంజనీరింగే. దీని పక్కనే వ్యాపారం కూడా నడిచింది. ఐరోపాలో ఖరీదైన కార్లను ఎక్కువగా కొనేది కంపెనీలు, లీజు సంస్థలు. మూడేళ్లలో సర్వీసు ఖర్చెంత అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. అలా రెండేళ్లకో, 30,000 కిలోమీటర్లకో ఒకసారి అనే షెడ్యూళ్లు పుట్టాయి. అమెరికాలో బీఎండబ్ల్యూ కొత్త కార్ల సర్వీసు ఖర్చును తొలి ఏళ్లలో తానే భరించిన కాలంలో ఆయిల్ గడువు 15,000 మైళ్లు, అంటే 24,000 కిలోమీటర్లు. 2014 మోడళ్ల నాటికి దాన్ని 10,000 మైళ్లకు తగ్గించింది. నూనెలు ఏటికేడు మెరుగవుతుంటే గడువు పెరగాలి గాని తగ్గడమేమిటి? రసాయనశాస్త్రం ఒక్కటే నిర్ణయించే అంకె అయితే అలా వెనక్కి నడవదు.

ఇక మొదటి ఆయిల్ సంగతి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. సిలిండర్ లోపలి గోడను అద్దంలా నున్నగా చెయ్యరు. హోనింగ్ రాళ్లతో ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు గీస్తారు; ఆ గాడుల్లోనే నూనె నిలుస్తుంది. గాడుల మధ్య మిగిలే గట్ల కొనలు కొత్తలో వాడిగా ఉంటాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పిస్టన్ రింగులు ఆ కొనల్ని చెక్కి చదును చేస్తాయి, తామూ కాస్త అరిగి గోడకు అతుక్కుపోతాయి. అలా రాలిన ఇనుము, అల్యూమినియం పొడితో పాటు గాస్కెట్ పేస్టు తునకలు, తయారీలో ఎక్కడో దాక్కున్న ఇసుమంత లోహపు చెత్త, అన్నీ నూనెలోకే చేరతాయి. మొదటి ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తే ఇనుము, రాగి, సిలికాన్ ఎక్కువగా కనబడతాయి. రెండోసారికి, మూడోసారికి తగ్గుతూ పోతాయి. ఫిల్టర్ ఉందిగా అంటారు. మామూలు ఫిల్టర్ బాగా ఆపేది 20, 30 మైక్రాన్లు దాటిన రేణువుల్ని. నడుస్తున్న బేరింగులో నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. ఫిల్టర్‌ను దాటిపోయే 5, 10 మైక్రాన్ల రేణువు సరిగ్గా ఆ సందులో పట్టి గీరగలదు. చిత్రమేమిటంటే, ఈ మాట కంపెనీలకు తెలియంది కాదు. బీఎండబ్ల్యూ తన ఎం శ్రేణి కార్లకు 2,000 కిలోమీటర్ల దగ్గర ప్రత్యేక సర్వీసు తప్పనిసరి చేసింది. అందులో ఇంజన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ రెండూ మార్చేస్తారు. అదే కంపెనీ మామూలు పెట్రోలు మోడళ్ల మాన్యువల్ కూడా 2,000 కిలోమీటర్లదాకా ఇంజన్‌ను అలవాటు చెయ్యాలని, 4,500 ఆర్‌పీఎం దాటొద్దని, 160 కిలోమీటర్ల వేగం మించొద్దని చెబుతుంది. కానీ ఆ అలవాటు దశలో పుట్టిన పొడిని మాత్రం ఏడాది చివరిదాకా లోపలే తిరగనిస్తుంది. ఎం కారు ఇంజన్ ఎక్కువ ఒత్తిడిలో పనిచేస్తుంది, నిజమే. దానివల్ల పొడికి సహించే హద్దు మారుతుందేమో గాని, పొడి పుట్టకుండా పోదు.

ఇప్పటి యంత్రాలు అంత కచ్చితంగా కోస్తుంటే అరిగే పొడి ఎక్కడిదని అడగొచ్చు. పరిమాణం తగ్గింది, నిజమే. ముప్పయ్యేళ్ల కిందట 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చమనేవాళ్లు, ఇప్పుడంత తొందర అక్కర్లేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం హోండాది. ఫ్యాక్టరీలో పోసిన మొదటి ఆయిల్‌ను షెడ్యూలు కన్నా ముందు మార్చొద్దని ఆ కంపెనీ చాలాకాలం చెబుతూ వచ్చింది. దాని ఖరీదైన బ్రాండ్ అక్యూరాకూ అదే మాట. బిగింపు సమయంలో భాగాలకు పూసిన మాలిబ్డినం లాంటి పదార్థాలు ఆ నూనెలో కలిసి, తొలి దశలో ఉపరితలాలను కాపాడతాయన్నది దాని వెనక తర్కం. ఇది కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. కంపెనీ రాతపూర్వకంగా మార్చొద్దన్న చోట ఆ మాటే వినాలి. కానీ అక్కడ కూడా ఆ పదార్థాల పని రింగులు కుదురుకునేదాకానే. ఏ హెచ్చరికా లేని కార్లలో 2,000 నుంచి 3,000 కిలోమీటర్ల మధ్య, అంటే అలవాటు దశ ముగిశాక మార్చితే ఆ ప్రయోజనం అందుకుని, పొడినీ బయటికి పంపినట్టవుతుంది. ఆయిల్, ఫిల్టర్, కూలీ కలిపి ఆ కారు ధరలో ఒక శాతం కూడా ఉండదు.

ఆ తర్వాతి మార్పులకు అసలు చిక్కు కిలోమీటర్లతోనే. నూనె దూరం చూసి ముసలిదవదు; ఇంజన్ తిరిగిన గంటలు, అది చూసిన వేడి, తాగిన నీళ్లు దాన్ని ముసలిదాన్ని చేస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద గంటకు 75 కిలోమీటర్ల సగటుతో తిరిగిన కారుకు 15,000 కిలోమీటర్లంటే 200 గంటలు. గచ్చిబౌలి, మాదాపూర్ సిగ్నళ్ల మధ్య 20 కిలోమీటర్ల సగటుతో పాకే కారుకు అదే దూరం 750 గంటలు. ఓడోమీటర్ రెండింటికీ ఒకే తీర్పు చెబుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. అందులో కొంత, కాలని పెట్రోలుతో కలిసి, రింగుల పక్కనుంచి జారి నూనెలో చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ నీళ్లు ఎగిరిపోతాయి. కూలెంట్ ముల్లు మధ్యకు రాగానే వేడెక్కిందనుకుంటాం గాని, నూనె దానికన్నా చాలా ఆలస్యంగా కాగుతుంది. ఇంటినుంచి బడికి, బడినుంచి ఆఫీసుకు నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండిలో నీళ్లు, పెట్రోలు లోపలే ఉండి ఆమ్లాలుగా, చివరికి మడ్డిగా మారతాయి. ఇప్పుడు బంకుల్లో పోసే ఇ20 పెట్రోలులో ఇథనాల్ ఉంది. నీళ్లతో చెలిమి దానికి ఎక్కువ, కాబట్టి పొట్టి ప్రయాణాల కార్లు మరింత జాగ్రత్తపడాలి. అందరూ తిట్టే మే నెల ఎండ మాత్రం అనుకున్నంత దోషి కాదు. బయట 44 డిగ్రీలున్నా థర్మోస్టాట్ ఇంజన్‌ను తన వేడి దగ్గరే ఉంచుతుంది. నూనెను నిజంగా కాల్చేది టర్బో. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు దగ్గర నూనె మరుగుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా నూనె ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుంది. ఇక ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో వేల కిలోమీటర్లు ఇంజన్ తిరగకుండానే నమోదవుతాయి. తిరిగినప్పుడేమో తరచు చల్లగానే తిరుగుతుంది.

ఇదంతా కారులోని కంప్యూటర్‌కే తెలుసు కదా అన్న వాదన ఉంది, అదీ బలమైనదే. జనరల్ మోటార్స్ పరిశోధకులు షర్లీ ష్వార్ట్జ్, డొనాల్డ్ స్మోలెన్‌స్కీ 1980ల్లో ఇంజన్ చుట్ల లెక్క, నూనె ఉష్ణోగ్రత ఈ రెండింటితోనే ఆయిల్ ఆయుష్షు అంచనా వేసే పద్ధతి తయారుచేశారు. మరీ వేడి చుట్లకూ, మరీ చల్లని చుట్లకూ ఎక్కువ శిక్ష వేసే ఆ సూత్రం ఓడోమీటర్ కన్నా ఎంతో తెలివైనది. బీఎండబ్ల్యూ దానికి ముందే డాష్‌బోర్డులో సర్వీసు గడువు చెప్పే పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు పెట్టింది. 1990ల చివర్లో మెర్సిడెస్ ఏకంగా నూనె విద్యుత్ స్వభావాన్ని కొలిచే సెన్సర్ తెచ్చింది. కానీ చుట్లు లెక్కపెట్టే పద్ధతి నూనెను చూడదు, ఊహిస్తుంది. ఛాంబర్‌లో కంపెనీ చెప్పిన నూనే ఉందని దాని నమ్మకం. ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో అమెరికాలో తేలింది. 1998 నుంచి 2001 వరకు వచ్చిన మెర్సిడెస్ మోడళ్ల యజమానులు కొందరు, ఆ సాగదీసిన గడువులకు సింథటిక్ ఆయిల్ తప్పనిసరని తమకు స్పష్టంగా చెప్పలేదని కోర్టుకెక్కారు. 2003లో వ్యవహారం రాజీతో ముగిసింది. సాధారణ అంచనా సూత్రాల్లో అలవాటు దశ లోహపు పొడికి పద్దు లేదు, గాలి ఫిల్టర్ సందులోంచి దూరిన దుమ్ముకూ లేదు. అందుకే చాలా మాన్యువళ్లలో వెనకెక్కడో చిన్న అక్షరాల్లో కఠిన పరిస్థితుల పేజీ ఉంటుంది. పొట్టి ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం, దుమ్ము రోడ్లు ఉంటే గడువు తగ్గించమంటుంది. అమెరికాలో లెక్సస్ మామూలుగా 10,000 మైళ్లంటుంది, అలాంటి వాడకానికి సగం, 5,000. మన నగరాల్లో తిరిగే కార్లలో ఆ పేజీ వర్తించనివి ఎన్నో వెతుక్కోవాలి.

అవసరానికి మించి మార్చితే పారబోసే నూనె పెరుగుతుందన్న మాట న్యాయమైనది. అందుకే హైవేల మీద ఎక్కువగా తిరిగే కారుకు కంపెనీ గడువే చాలు, అందులో సగానికి మార్చడం దండగ. నగరంలో తిరిగేదానికి 7,000, 8,000 కిలోమీటర్లు గాని, ఏడాది గాని, ఏది ముందైతే అది. వారంటీ పోతుందన్న భయం అక్కర్లేదు. ముందుగా మార్చినందుకు కాదు, కంపెనీ ఆమోదించని నూనె పోసినందుకే పేచీ వస్తుంది. డబ్బా వెనక బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్ 229.5 లాంటి ఆమోదం గుర్తుల్లో మీ మాన్యువల్ అడిగినది ఉందో లేదో చూసి, ఆ గుర్తు బిల్లులో రాయించుకోవాలి. ఈ బిల్లు పని అక్కడితో అయిపోదు. చాలా ఖరీదైన కార్లలో ఇప్పుడు డిప్‌స్టిక్కే తీసేశారు. నూనె మట్టం తెరమీద చూడాల్సిందే, నూనె ముఖం మాత్రం కనబడదు. రీసెట్ నొక్కితే చాలు, ఛాంబర్‌లో పాత నూనె ఉన్నా చాలా బళ్లలో తెర మళ్లీ పూర్తి గడువు చూపిస్తుంది. నాలుగేళ్ల కారును సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు తెరమీది ఆ గడువును చూసి ధర ఒప్పుకునే ముందు ఆయిల్ బిల్లులు అడగడం మంచిది, ముఖ్యంగా మొట్టమొదటి బిల్లు ఎన్ని కిలోమీటర్ల దగ్గరిదో.