పాత కారు ఎక్స్ఛేంజ్: డీలర్ మీ బండికి రేటు ఎలా కడతాడు?

ఫోన్ ఎక్స్ఛేంజ్ మనకి కొత్తేం కాదు. మోడల్ సెలెక్ట్ చేయగానే 'అప్ టు' అని ఒక పెద్ద నంబర్ కనిపిస్తుంది. తర్వాత ఇంటికొచ్చిన డెలివరీ అబ్బాయి స్క్రీన్ మీద గీత చూసి అందులో కోత పెడతాడు. కారు ఎక్స్ఛేంజ్ కూడా అచ్చం ఇదే ఆట. కాకపోతే ఇక్కడ కోత వందల్లో ఉండదు, పదివేలల్లో ఉంటుంది. పైగా ఫోన్ ఇచ్చేశాక దాన్ని మర్చిపోవచ్చు. కారు ఇచ్చేశాక కూడా అది కొన్నాళ్ళు మీ పేరు మీదే తిరగొచ్చు.

నిడదవోలులో ఉండేవాళ్ళు కొత్త కారు కోసం రాజమండ్రి షోరూమ్‌లకి వెళ్తారు, లేదంటే తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం వైపు చూస్తారు. పాతది అమ్మాలంటే తెలిసిన మెకానిక్‌నో, సెకండ్ హ్యాండ్ బళ్ళ కన్సల్టెన్సీనో అడుగుతారు. ఎక్కడికెళ్ళినా నాన్నగారి నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "ఏవండీ, ఓఎల్ఎక్స్‌లో ఇదే బండి నాలుగు లక్షలుంది. మీరు మూడంటారేంటండీ?" దీనికి సేల్స్ వాళ్ళు సరైన జవాబు చెప్పరు. ఆ జవాబేంటో లెక్కతో చూద్దాం.

లెక్క వెనక నుంచి మొదలవుతుంది

మనం బండి విలువని కొన్న రేటు నుంచి కిందకి లెక్కేస్తాం. "ఆరున్నర పెట్టి కొన్నాం, ఐదేళ్ళు వాడాం, సగమైనా రావాలి కదా" అంటాం. డీలర్ దానికి రివర్స్‌లో వెళ్తాడు. ఈ బండిని రేపు ఇంకొకరికి ఎంతకి అమ్మగలను అన్నదే అతని మొదటి ప్రశ్న. ఆ రేటులోంచి ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేదే మీకు చెప్పే రేటు. మీరు ఎంతకి కొన్నారన్నది ఆ లెక్కలోకి రానే రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, మార్కెట్ రేట్లు కావు. ఒక హ్యాచ్‌బ్యాక్‌కి డీలర్ బోర్డు మీద 4,00,000 రాస్తాడు అనుకుందాం. బేరంలో 10,000 పోతుంది, అంటే 3,90,000కి అమ్ముతాడు. అందులోంచి పోయేవి ఇవి:

- నాలుగు టైర్లు: 16,000
- రెండు ప్యానెళ్ళకి టింకరింగ్, పెయింటింగ్: 10,000
- సర్వీసు, పాలిష్, లోపల క్లీనింగ్: 7,000
- ట్రాన్స్‌ఫర్, పేపర్ల ఖర్చు: 5,000
- బండి అమ్ముడుపోయే దాకా ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ: 5,000
- డీలర్ లాభం: 30,000
- జీఎస్టీ: సుమారు 13,000

మొత్తం 86,000. అంటే మీకు వచ్చే రేటు 3,04,000. నాలుగు లక్షల బండికి మూడు లక్షలు ఎందుకు అన్నదానికి జవాబు ఇదే. అంతా మోసం కాదు, అలాగని అంతా న్యాయమూ కాదు. టైర్లు నిజంగా అరిగాయా, టింకరింగ్‌కి నిజంగా పదివేలు అవుతుందా అన్న చోటే బేరానికి వీలుంది. అందుకే "ఇంకో ఇరవై వేలు వేయండి సార్" అని అడిగితే పెద్దగా పని జరగదు. "ఏ ఖర్చు కింద ఎంత తీశారు?" అని అడిగితే జరుగుతుంది.

ఇందులో జీఎస్టీ గురించి ఒక మాట. 2024 డిసెంబర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్ తర్వాత, రిజిస్టర్డ్ డీలర్ అమ్మే పాత కార్లన్నింటికీ 18 శాతం రేటు వచ్చింది. అంతకుముందు చిన్న కార్లకి ఇది 12 శాతం. ఈ పన్ను బండి మొత్తం ధర మీద కాదు, డీలర్ కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య ఉన్న మార్జిన్ మీదే. కానీ ఆ మార్జిన్‌లోంచి టైర్లు, టింకరింగ్ ఖర్చు తీసెయ్యడానికి లేదు. అంటే బండి మీద రిపేర్ పని ఎంత పెరిగితే పన్ను కూడా అంత పెరిగి, ఆ భారం మీ రేటు మీదే పడుతుంది. మీరు మీ సొంత కారుని మామూలుగా ఇంకొకరికి అమ్ముకుంటే ఈ జీఎస్టీ ఉండదు.

ఇరవై నిమిషాల ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారు?

గాడ్జెట్ ఇష్టపడేవాళ్ళకి ఇది ఇంట్రెస్టింగ్ పార్ట్. ఇవాల్యుయేటర్ చేతిలో సాధారణంగా రెండు చిన్న పరికరాలు ఉంటాయి.

మొదటిది పెయింట్ థిక్‌నెస్ మీటర్. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక డోర్ దగ్గర 250 చూపిస్తే మళ్ళీ పెయింట్ వేశారని అర్థం. అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తే కింద లప్పం పెట్టారన్నమాట. బంపర్ గీతలకి పెద్దగా కోత ఉండదు. పిల్లర్లు, ఆప్రాన్, చాసిస్ దగ్గర వెల్డింగ్ కనిపిస్తే మాత్రం రేటు ఒక్కసారిగా పడిపోతుంది, కొందరు అసలు తీసుకోరు.

రెండోది ఓబీడీ స్కానర్. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకి పెట్టి ఈసీయూలో ఉన్న ఎర్రర్ కోడ్లు చదువుతారు. వార్నింగ్ లైట్ వెలగకుండా కోడ్లు క్లియర్ చేసుకుని వెళ్ళినా, ఈమధ్యే క్లియర్ చేశారన్న సంగతి చాలా బళ్ళలో తెలిసిపోతుంది. ఎందుకంటే క్లియర్ చేయగానే సెల్ఫ్ టెస్టులన్నీ 'ఇంకా పూర్తి కాలేదు' అన్న స్టేటస్‌కి వెళ్ళిపోతాయి. ఓడోమీటర్ విషయంలోనూ అంతే. డిస్‌ప్లే మీద కిలోమీటర్లు తగ్గించినా, కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో ప్రతి సర్వీసు తేదీ పక్కనా రీడింగ్ ఉంటుంది. 2022లో 61,000 ఉన్న బండి ఇప్పుడు 48,000 చూపిస్తే ఇక మాట్లాడ్డానికేం లేదు.

టైర్ మీద నాలుగు అంకెలు కూడా చూస్తారు. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనది అని.

డెల్టాలో ఇంకో చెక్ తప్పనిసరి. అదే నీళ్ళు. ఎర్రకాలువ పొంగితే నిడదవోలు చుట్టుపక్కల పొలాలు ఎలా మునుగుతాయో మనకి తెలుసు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్ళలో నానాయి. అందుకే ఇవాల్యుయేటర్ సీట్ బెల్టుని చివరిదాకా బయటికి లాగి బురద మరక ఉందేమో చూస్తాడు. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద తేమ, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో ఒండ్రు కూడా చూస్తాడు. మీ బండి వరద మొహం చూడకపోయినా ఈ అనుమానం మీద పడుతుంది. దాన్ని పోగొట్టేది సర్వీస్ రికార్డు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ.

ఇక్కడ ఒక థియరీ పనికొస్తుంది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఎకనమిస్ట్ సరిగ్గా పాత కార్ల మార్కెట్ మీదే ఒక పేపర్ రాశాడు. ఈ రంగంలో చేసిన పనికే 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. దాని సారం ఇది: బండి గురించి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు, కాబట్టి కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి రేటు తగ్గిస్తాడు. ఆ దెబ్బ మంచి బండి ఓనర్‌కే తగులుతుంది. మన భాషలో చెప్పాలంటే, మీరు రుజువు చూపించలేని ప్రతి మంచి విషయానికీ కోత పడుతుంది.

ప్లేటు, పేపర్లు

2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చింది. నిడదవోలు అప్పుడు పశ్చిమ గోదావరిలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరిలోకి వచ్చింది. ఏపీ 37 ప్లేట్ చూడగానే బండి 2019 మార్పుకి ముందుదని డీలర్‌కి తెలిసిపోతుంది.

అసలు తేడా వచ్చేది హైదరాబాద్ బళ్ళతో. అక్కడ ఉద్యోగం చేసుకుని, టీఎస్ లేదా టీజీ ప్లేటున్న కారుని ఊరికి తెచ్చి అమ్మేద్దాం అనుకునేవాళ్ళు చాలామంది. దాన్ని ఏపీలోకి మార్చాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. డీలర్ ఆ మొత్తం ముందే తీసేస్తాడు. అలాంటి బండిని హైదరాబాద్‌లోనే ఎక్స్ఛేంజ్ చేసుకోవడం చాలాసార్లు మేలు.

ఎన్నో ఓనర్ అన్నది, లోన్ తీరాక హైపోథికేషన్ తీయించారా లేదా, పెండింగ్ చలాన్లు, ఇన్సూరెన్స్ గడువు, ఇవన్నీ ఫోన్‌లోనే చెక్ చేస్తారు. మీరు కూడా ముందురోజే ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి.

కొత్త కారు రేటు తగ్గితే పాతది కూడా తగ్గుతుంది

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. చిన్న పెట్రోల్ కార్లకి అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. పన్ను లేకుండా 5,00,000 ఉన్న కారు అప్పుడు 6,45,000 పడేది, ఇప్పుడు 5,90,000 పడుతుంది. 55,000 తేడా. కొత్తదే అంత తగ్గినప్పుడు రెండేళ్ళ పాతదాన్ని పాత రేటుకి ఎవరు కొంటారు? మీరు ఆరున్నరకి కొన్నది నిజమే అయినా, డీలర్ పోల్చేది నేటి కొత్త రేటుతోనే.

ఇన్సూరెన్స్‌లో ఉన్న ఐడీవీ చూపించి వాదించడం కూడా ఎక్కువే. ఐడీవీ ఒక టేబుల్ లెక్క. రెండు నుంచి మూడేళ్ళ బండికి 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్ళకి 40, నాలుగు నుంచి ఐదేళ్ళకి 50 శాతం తరుగు. బాగా డిమాండ్ ఉన్న మోడల్‌కైనా, కంపెనీయే ఇండియా వదిలి వెళ్ళిపోయిన మోడల్‌కైనా ఒకటే శాతం. మార్కెట్ అలా ఉండదు.

ఎక్స్ఛేంజ్ బోనస్ అనే మాయ

రెండు షోరూమ్‌లు. రెండింటిలోనూ ఒకే కొత్త కారు, ఆన్ రోడ్ 8,00,000 అనుకుందాం.

మొదటి షోరూమ్: పాత బండికి 3,30,000, డిస్కౌంట్ 10,000. మీ జేబులోంచి 4,60,000.

రెండో షోరూమ్: పాత బండికి 2,95,000, డిస్కౌంట్, బోనస్ కలిపి 50,000. మీ జేబులోంచి 4,55,000.

పాత బండికి 35,000 తక్కువ ఇచ్చినవాడి దగ్గరే మీకు 5,000 మిగిలింది. అందుకే "మా బండికి ఎంతిస్తారు?" అన్నది తప్పు ప్రశ్న. "పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే నేను కట్టాల్సింది మొత్తం ఎంత?" అన్నదే అడగాలి. ముందు పాత బండి సంగతి ఎత్తకుండా కొత్తదానికి చివరి రేటు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే ఎక్స్ఛేంజ్ మాట తీయండి. మూడో అంకె కూడా దగ్గర ఉంచుకోండి: బయట కన్సల్టెన్సీకి అమ్మేస్తే ఎంతొస్తుంది, బోనస్ లేకుండా కొత్తది ఎంత పడుతుంది అని.

పాతది ఇస్తే కొత్తదాని మీద పన్ను తగ్గుతుందనుకోకండి. జీఎస్టీ రూల్స్‌లో 27వ రూల్ దీన్ని ఒక ఫోన్ ఉదాహరణతోనే చెబుతుంది. పాత ఫోన్ ఇచ్చి 20,000కి కొన్న కొత్త ఫోన్, ఎక్స్ఛేంజ్ లేకుండా 24,000 అయితే, దాని విలువ 24,000గానే తీసుకోవాలి.

తాళాలు ఇచ్చాక

అన్నింటికంటే పెద్ద రిస్క్ ఇది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చింది. యాక్సిడెంట్ రోజున ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే, పరిహారం విషయంలో ఓనర్ వాళ్ళే. ఆ కేసులో బండి చేతులు మారుతూ వెళ్ళింది, ఆర్సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉండిపోయింది. చివరికి బాధ్యత ఆయన మీదే పడింది. మీరు ఇచ్చిన బండి మూడు నెలలు యార్డులో ఉండి, తర్వాత ఎవరి చేతికో వెళ్ళి ఏదైనా జరిగితే నోటీసు వచ్చేది నిడదవోలులో మీ ఇంటికే.

2023 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఒక దారి ఉంది. రిజిస్టరింగ్ అథారిటీ ఆథరైజేషన్ ఉన్న డీలర్‌కి బండి అప్పగిస్తే, ఫారం 29సితో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. అప్పటి నుంచి ఆ బండికి డీలర్‌నే ఓనర్‌గా లెక్కిస్తారు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి వచ్చేయడం కాదు, 29సి రసీదు అడగండి. ఆ డీలర్‌కి ఆథరైజేషన్ లేకపోతే తేదీ, టైమ్, కిలోమీటర్ రీడింగ్‌తో డెలివరీ లెటర్ తీసుకుని, పేరు మారే దాకా వాహన్‌లో చూస్తూ ఉండండి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో ఇచ్చేయకండి. అది మీది, 50 శాతం దాకా ఉండొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారు ప్రీమియంలో తగ్గుతుంది.

షోరూమ్‌కి వెళ్ళే ముందు కారు కడిగించడం మంచిదే. కానీ దానికంటే సర్వీస్ బిల్లుల ఫైల్, రెండో తాళం, లోన్ ఎన్‌ఓసీ, మరో రెండు చోట్ల రాయించుకున్న రేట్లు ఎక్కువ పని చేస్తాయి. డీలర్ లెక్క తర్వాత కొనేవాడి దగ్గర మొదలవుతుంది. మీ లెక్క మీ జేబులోంచి వెళ్ళే మొత్తం దగ్గర మొదలవ్వాలి, ఆర్సీలో పేరు మారిన రోజే ముగియాలి.