తపాలా బిళ్ళలపై మిగిలిన నాణెములు

ప్రభుత్వము మారినచో నాణెము మారుట లోకసహజము. చెల్లని నాణెము కరగి పోవును. లేక యే స్త్రీ మెడలోనో కాసై వ్రేలాడును. తపాలా బిళ్ళ యట్లు కాదు. కాగితపు ముక్కయే యైనను, దానిపై నచ్చైన వెల మాత్రము, ఆ నాణెము పోయిన పిమ్మటను చెక్కుచెదరక నిలుచును.

నాణెముల బొమ్మలనే దాల్చిన బిళ్ళలును లేకపోలేదు. 1978 లో మన తపాలాశాఖవారు కుషాణుల బంగారు నాణెమును బిళ్ళపై చిత్రించిరి. అది శోభకొరకు. చరిత్రకు సాక్ష్యము వెలలోనే కలదు.

తిరువాన్కూరు సంస్థానమువారు 1888 లో బిళ్ళల నచ్చొత్తించినప్పుడు వానిపై అణాలు వేయలేదు, చక్రములు వేసిరి. పదునారు కాసు లొక చక్రము. ఇరువదియెనిమిది చక్రము లచ్చటి రూపాయి. పొరుగున నున్న కొచ్చిన్ వారు 1892 లో తమ బిళ్ళలకు పుత్తనులలో వెలకట్టిరి. 1949 లో ఆ రెండు సంస్థానములు నొక్కటి కాగా, తిరువాన్కూరు బిళ్ళలమీదనే అణా పైల వెలను మరల నచ్చొత్తిరి. ఒక్క బిళ్ళపై రెండు లెక్కలు, రెండు కాలములు!

హైదరాబాదు సంగతి మనకు మరింత దగ్గర. అచ్చటి బిళ్ళలు 1869 లో పుట్టినవి. వానిపై నున్నది అణాయే. కాని హాలీ సిక్కా అణా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1931 నాటి అణా బిళ్ళపై చార్మినారు కలదు. నిజాము రూపాయిపైనను చార్మినారే. ఆ తపాలా 1950 లో భారత తపాలాలో కలిసెను. హాలీ నాణెము 1959 లో పూర్తిగా రద్దయ్యెను. నాటి తెలంగాణపు దస్తావేజులో "హాలీ నూరు రూపాయలు" అని యుండగా, అది కల్దారు లెక్కకు ఎనుబదియారు రూపాయలకు లోపే యని యెరుగనివాడు తన తాతల యాస్తినే తప్పుగా చదువును.

1957 ఏప్రిల్ 1 వ తేదీన దేశమంతటను దశాంశ నాణెములు వచ్చినవి. భారతదేశపటముతో నయాపైసల బిళ్ళలును వెలువడినవి. 1964 లో "నయా" యను మాట పోయినది. 2011 జూన్ 30 న పావలాయు, అంతకు తక్కువ నాణెములును చెల్లకపోయినవి.

ఒకే నాణెము దేశమునకు మేలే చేసినది. సరిహద్దు దాటిన రైతు షరాబునకు వట్టము చెల్లించు బాధ తప్పినది. దానిని మరల కోరువా రెవ్వరును లేరు. అయినను బాధ పోయినదని దాని జాడను చెరుపుకొన బనిలేదు.

కావున భోషాణములలో పాత జాబులున్న గృహస్థులకు మా మనవి యొక్కటే. పిల్లల యాటకై బిళ్ళలను ఊడదీయనీయకుడు. కవరుపై నంటియున్న బిళ్ళకు తపాలా ముద్రయే ఊరును తేదీని చెప్పును. ఊడదీసినచో వెల మాత్రమే మిగులును, ఎవరు, ఎప్పుడు, ఎచ్చట చెల్లించిరో తెలియదు.