చెరసాల నుండి తిరిగివచ్చిన స్త్రీ: పంచాయతీ చేయదగిన సహాయము

పురుషుడు చెరసాలకు పోయినచో అతని యిల్లు సామాన్యముగా నిలిచియే యుండును. భార్య కూలికి పోయి పిల్లలను సాకును. తల్లి ములాఖతుకు పోయి చూచి వచ్చును. స్త్రీ చెరసాలకు పోయినపుడు పొయ్యి ఆరిపోవును. పిల్లలు అమ్మమ్మ యింటికో, హాస్టలుకో చేరుదురు. ఆమె విడుదలై బస్సు దిగునాటికి పోవుటకు ఇల్లే లేకపోవచ్చును.

2022వ సంవత్సరాంతమున దేశమందలి చెరసాలలలో సుమారు 5 లక్షల 73 వేల మంది యుండగా, వారిలో స్త్రీలు 24 వేలకు లోపు, అనగా నూటికి నలుగురు. మొత్తము ఖైదీలలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా విచారణలో నున్నవారే గాని శిక్ష పడినవారు కారు. కనుక తిరిగివచ్చిన స్త్రీ జామీనుపై వచ్చినదా, నిర్దోషిగా విడుదలైనదా, శిక్ష ముగించుకొని వచ్చినదా యని సభ్యులు మొదట తెలిసికొనవలెను. రచ్చబండ యొద్ద ఈ మూడింటికి భేదము పాటించుట కానరాదు.

ఆమెను ఊరిలో ఉండనీయరాదని కులపెద్దలు చెప్పినను, పంచాయతీ తీర్మానించినను అది చెల్లదు. దేశమున ఎక్కడనైనను నివసించు హక్కు రాజ్యాంగము 19వ అధికరణము వలన పౌరులందరికిని కలదు. శిక్ష పడినంత మాత్రమున స్వంత ఆస్తిపై హక్కును పోదు. హతుని ఆస్తికి హంతకులు వారసులు కాలేరన్న నియమము మాత్రము వేరు. అయితే మరణించినవాని కుటుంబము అదే వీధిలో నున్నచో వారి దుఃఖమును గూడ గణింపవలెను. ఇరుపక్షములను కూర్చుండబెట్టి బలవంతపు రాజీ చేయించుట మేలు కాదు. కొంతకాలము ఆమె వేరొక వాడలో నుండుటకు ఆమె సమ్మతితో ఏర్పాటు చేయుట ఉభయులకు శ్రేయస్కరము.

జామీనుపై వచ్చినవారి విషయమున అన్నిటికంటె ముఖ్యమైనది కోర్టు వాయిదా. చార్జీలకు డబ్బు లేక ఒక వాయిదా తప్పినచో వారంటు రావచ్చును. మరల చెరసాల, మరల పిల్లలు చెదరిపోవుట. వాయిదా తేదీని వార్డు సభ్యుడు తన పుస్తకమున వ్రాసికొని ముందురోజు గుర్తుచేసినచో చాలును. ఇంత చిన్నపని వలన నిలిచిన కాపురములుండును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టమున గలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు వ్రాసియిచ్చుట పంచాయతీ కార్యదర్శికి కష్టము కాదు. జామీను సొమ్ము, జరిమానా చెల్లింపలేక లోపలనే యున్నవారి కొరకు 2023లో పేద ఖైదీల సహాయ పథకము ఏర్పడినది. దానిని గూర్చియు ఆ సంస్థనే అడుగవచ్చును.

తరువాతవి కాగితములు. ఆమె లేని కాలమున బియ్యపు కార్డులో పేరు తొలగియుండవచ్చును, బ్యాంకు ఖాతా నిలిచిపోయి యుండవచ్చును. చెరసాలలో నున్నపుడు ఓటు వేయ వీలులేదు గాని, ఆ కారణమున జాబితా నుండి పేరు తీసివేయరాదు. 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము క్రింద మంచి నడవడికపై విడువబడినవారికి ఆ శిక్ష వలన కలుగు అనర్హత యేదియు వర్తింపదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ సంగతి తెలియక కొందరు దరఖాస్తే పెట్టరు.

పొదుపు సంఘమున చేరుట అంత సులభము కాదు. ఆమె పాతబాకీని తోటి సభ్యురాండ్రు తమ పొదుపు నుండి కట్టియుందురు. వారి కోపమునకు కారణము లేకపోలేదు. గ్రామ సమాఖ్య సమావేశమున లెక్క తేల్చి, చిన్న వాయిదాలలో తీర్చుకొనుటకు ఒప్పించినచో ఆమెకు మరల చోటు దొరకును.

పిల్లల సంగతి వేరు. ఒక కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ననుసరించి, తల్లితో చెరసాలలో ఆరేండ్ల వయస్సు వరకే బిడ్డ ఉండవచ్చును. ఆపై వయస్సు బిడ్డలు ఏండ్ల తరబడి బంధువుల యింట పెరిగి, వచ్చిన తల్లిని కొత్తమనిషి వలె చూచుట కలదు. వెంటనే తెచ్చి అప్పగింపక, ఆదివారములందు రాకపోకలు సాగించి, పాఠశాల సంవత్సరము ముగిసిన పిదప ఇంటికి చేర్చుట మంచిది. బిడ్డను సాకినవారు అప్పగింప నిరాకరించినను, లేక బిడ్డకు ఆదరువు లేకున్నను జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలుపవలెను. తోటి పిల్లలు ఎగతాళి చేయకుండ చూచుటకు ప్రధానోపాధ్యాయునితో సర్పంచి స్వయముగ మాటలాడుట అవసరము. చీటీ వ్రాసి పంపిన చాలదు.