పాత బుర్ర, కొత్త వేగం

డేవిడ్ హోర్న్ అనే ప్రోగ్రామర్ 1980ల తొలినాళ్లలో జెడ్ఎక్స్81 అనే చిన్న కంప్యూటరు కోసం చదరంగం ఆడే ప్రోగ్రాం రాశాడు. ఆ కంప్యూటరు మెమరీ మొత్తం ఒక కిలోబైటు. ప్రోగ్రాం 672 బైట్లలో సరిపోయింది. మనం ఫోనులో తెలుగు టైపు చేస్తే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతం తోడైతే ఆరు, ఒత్తు తగిలితే తొమ్మిది. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ పేరా ఆ ప్రోగ్రాం కన్నా పెద్దది. అయినా గళ్లబల్ల, పావుల నడకలు, మన ఎత్తు సరైనదో కాదో చూసే నిబంధనలు, తన ఎత్తు ఎంచుకునే తర్కం అన్నీ అందులోనే ఉన్నాయి. క్యాస్లింగ్, బంటు మంత్రి కావడం మాత్రం లేవు.

ఇలాంటి పాత ప్రోగ్రాములు ఇప్పటి కంప్యూటర్లలో మళ్లీ ఆడుతున్నాయి. పాత సినిమా మీది మోజులాంటిదే ఇదీ అనుకోవచ్చు. కానీ ఇందులో ఒక మంచి ప్రయోగం దాగి ఉంది. నలభై యాభై ఏళ్ల కిందటి ఆలోచనను అక్షరం మార్చకుండా ఉంచి, దాని కింద ఇంజను మాత్రం వేల రెట్లు వేగమైనది బిగిస్తే ఏమవుతుంది? అది ఎంత తెలివి మీరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

తొలి జవాబు కంప్యూటరే లేకుండా పుట్టిన ప్రోగ్రాం దగ్గర దొరుకుతుంది. 1948లో అలన్ ట్యూరింగ్, డేవిడ్ చాంపర్‌నౌన్ కలిసి టురోచాంప్ అనే ఆట పద్ధతిని కాగితం మీద రాశారు. దాన్ని నడపగల యంత్రం అప్పటికి వాళ్లకు అందుబాటులో లేదు. 1952లో ట్యూరింగ్ తానే యంత్రంలా కూర్చుని, కాగితం మీది నియమాలను వరుసగా పాటిస్తూ అలిక్ గ్లెనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తతో ఆడాడు. ఒక్కో ఎత్తుకు అరగంట దాకా పట్టేది. 29 ఎత్తుల్లో ఆ కాగితపు ప్రోగ్రాం ఓడిపోయింది. ట్యూరింగ్ శతజయంతి ఏడాది 2012లో ఆ నియమాలను కంప్యూటరు ప్రోగ్రాంగా మలిచి, మాంచెస్టర్‌లో మాజీ ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌తో ఆడించారు. అరగంట పని రెప్పపాటులో అయిపోయింది. ఫలితం మాత్రం 16 ఎత్తుల్లో ఓటమి. తన ఎత్తు, ఎదుటివాడి ఎత్తు, ఆ తర్వాత పావుల చంపుడు ఆగేదాకా చూడు. అంతటితో చాలించు అన్నది దాని నియమం. అరవై ఏళ్లలో యంత్రాలు సంపాదించిన వేగమంతా దాని చూపుకు ఒక్క ఎత్తునైనా కలపలేకపోయింది.

ఇళ్లలోకి చదరంగం తెచ్చిన ప్రోగ్రాములు 1970ల రెండో సగంలో వచ్చాయి. 1976లో కెనడాకు చెందిన పీటర్ జెన్నింగ్స్ కిమ్-1 అనే బోర్డు కంప్యూటరు కోసం మైక్రోచెస్ రాశాడు. ఆ బోర్డులో సెకనుకు పది లక్షల సార్లు కొట్టుకునే 6502 చిప్, కిలోబైటుకు కాస్త పైచిలుకు మెమరీ ఉండేవి. తెర లేదు, క్యాలిక్యులేటర్ అంకెల్లాంటి ఆరు ఎర్ర దీపాల మీద ఎత్తులు కనపడేవి. మైక్రోచెస్ అమ్మకాల డబ్బే తర్వాత పర్సనల్ కంప్యూటర్లకు విజికాల్క్ అనే తొలి స్ప్రెడ్‌షీట్‌ను బజారుకు తేవడానికి అక్కరకొచ్చింది. 1978లో డాన్, కేథ్ స్ప్రాక్లెన్ దంపతులు జెడ్80 చిప్ కోసం రాసిన సార్గాన్ అమెరికా పశ్చిమ తీరంలో జరిగిన మైక్రో కంప్యూటర్ల పోటీలో గెలిచింది. వాళ్లు ఆ ప్రోగ్రాం మొత్తాన్ని పుస్తకంగా అచ్చు వేయించారు. అసలు యంత్రాలు తుప్పుపట్టినా సార్గాన్ బతికి ఉండటానికి ఆ అచ్చు ఒక కారణం.

వీటిని ఇప్పుడు నడిపే దారులు రెండు. మొదటిది ఎమ్యులేటర్. పాత చిప్‌కు ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ చదివి, ఆ చిప్ ఏం చేసేదో అచ్చంగా అదే చేసే ప్రోగ్రాం ఇది. తాను కిమ్-1లో లేనన్న సంగతి లోపలున్న మైక్రోచెస్‌కు తెలియదు. గేమ్ సెంటర్ యంత్రాల కోసం 1997లో మొదలైన మేమ్ అనే ఎమ్యులేటర్ ఇప్పుడు మెఫిస్టో, ఫిడిలిటీ లాంటి పాత చదరంగపు పెట్టెలనూ నడుపుతుంది. డాస్ కాలం నాటి ప్రోగ్రాములకు డాస్‌బాక్స్ ఉంది. నేటి 64 బిట్ల విండోస్ ఆ 16 బిట్ల ప్రోగ్రాములను నేరుగా నడపదు కాబట్టి ఇలాంటి మధ్యవర్తి తప్పదు. రెండో దారి తర్జుమా: పాత కోడ్‌ను వరుస వరుసగా నేటి చిప్ భాషలోకి మార్చి, 2000లో వచ్చిన యూసీఐ అనే సంభాషణ పద్ధతిని తగిలించడం. అప్పుడు సార్గాన్ లాంటి ముసలి ఆటగాడు స్టాక్‌ఫిష్ లాంటి నేటి ఆటగాడితో ఒకే తెర మీద తలపడగలడు.

వేగం వల్ల తంటాలూ ఉన్నాయి. టర్బో పాస్కల్‌లో రాసిన చాలా డాస్ ప్రోగ్రాములు మొదలవగానే యంత్రం వేగాన్ని కొలిచేవి. గడియారం ఒక్క టిక్కు వేసేలోగా, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఖాళీ చుట్లు ఎన్ని తిరిగాయో లెక్కపెట్టి ఆ సంఖ్యను 55తో భాగించేవి. జవాబు 16 బిట్లలో పడుతుందని రాసినవాళ్లు ధీమాగా ఉన్నారు. 200 మెగాహెర్ట్జ్ ప్రాంతం దాటిన చిప్‌లు రాగానే జవాబు ఆ గదిలో పట్టక, సున్నాతో భాగించారంటూ 200 నంబరు పొరపాటు చూపి ప్రోగ్రాం కూలిపోయేది. డాస్‌బాక్స్‌లో వేగం తగ్గించే మీట ఇలాంటప్పుడు పనికొస్తుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. చదరంగంలో సగటున ఏ స్థితిలోనైనా 35 దాకా చెల్లే ఎత్తులుంటాయి. కాబట్టి ఒక్క ఎత్తు లోతు పెంచాలంటే పని 35 రెట్లవుతుంది. యంత్రం వెయ్యి రెట్లు వేగమైతే లాభం రెండెత్తులైనా పూర్తిగా రాదు. ఈ భారాన్ని తగ్గించేది ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు. దర్శి వైపు మిర్చి చేరే గుంటూరు యార్డులో వ్యాపారిని గమనిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అతని చేతిలో అప్పటికే ఒక మంచి లాటు ఉంది. పక్క లాటులో ఒక టిక్కీ (బస్తా) విప్పి చూస్తే తాలు కాయ బయటపడింది. మిగతా టిక్కీలు విప్పడు. ఆ లాటు ఎంత నాసి అన్నది అతనికి అనవసరం, చేతిలో ఉన్నదానికన్నా తక్కువని తేలితే చాలు. ప్రోగ్రాం కూడా అంతే: ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర ఒక్క గట్టి జవాబు కనపడగానే మిగతా జవాబులు చూడకుండా ఆ ఎత్తును వదిలేస్తుంది. ఎత్తుల వరుస బాగా కుదిరితే 35 రెట్ల పని సుమారు ఆరు రెట్లకు దిగుతుంది. అప్పుడు వెయ్యి రెట్ల వేగం దాదాపు నాలుగెత్తుల లోతు ఇస్తుంది.

నాలుగెత్తులు తక్కువేం కాదు. బెల్ అనే చదరంగ యంత్రాన్ని నిర్మించిన కెన్ థాంప్సన్ 1980ల తొలినాళ్లలో దాన్ని వేర్వేరు లోతుల్లో దానితోనే ఆడించి చూశాడు. ఒక్కో ఎత్తు లోతుకు సుమారు 200 రేటింగ్ పాయింట్ల బలం పెరిగింది. లోతుకు పోయేకొద్దీ ఆ లాభం సన్నగిల్లింది. అందుకే పాత ప్రోగ్రాంను వేగమైన యంత్రం మీద నడిపేటప్పుడు దాని స్థాయిని దేనితో కొలుస్తారో ముందు చూసుకోవాలి. స్థాయి అంటే ఇన్ని ఎత్తుల లోతు అని కట్టేసిన ప్రోగ్రాం త్వరగా జవాబిస్తుందే తప్ప మెరుగ్గా ఆడదు. ఎత్తుకు ఇన్ని నిమిషాలు అని గడియారం చూసి ఆడేది మాత్రం కొత్త వేగాన్ని లోతుగా మార్చుకుంటుంది.

అలా మార్చుకున్నా దానికి ఒక రోగం మిగిలే ఉంటుంది. కంప్యూటరు చదరంగ పరిశోధకుడు హాన్స్ బెర్లినర్ దాన్ని దిగంత దోషంగా గుర్తించాడు. ఆరెత్తులే చూడగల ప్రోగ్రాంకు తన మంత్రి ఆరో ఎత్తులో పోతుందని తెలిస్తే, మధ్యలో ఒక బంటును ఉత్తపుణ్యానికి బలిచ్చి ఆ నష్టాన్ని ఎనిమిదో ఎత్తుకు నెడుతుంది. తన చూపుకు ఆనకపోతే ప్రమాదం తప్పిపోయినట్టే దానికి. వేగం ఆ దిగంతాన్ని కొంత దూరం జరుపుతుంది, చెరిపేయదు. బంటు విలువను, రాజు క్షేమాన్ని తూచే నియమాలు పది ఉంటే, వేగం ఎంత పెరిగినా పదే ఉంటాయి.

ఈ మొత్తం వ్యవహారాన్ని రెండు ముక్కల్లో తేల్చిన మనిషి తెలుగువాడు. దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టాడు. గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ అందుకున్నాడు. ఆల్ఫా-బీటా ఆలోచనకు బీజం వేసినవారిలో ఆ మెకార్తీ ఒకడు. స్టాన్‌ఫర్డ్ ప్రోగ్రాంకూ మాస్కో ప్రోగ్రాంకూ 1966-67లో టెలిగ్రాఫ్ మీద పోటీ జరిగింది. అమెరికన్ ప్రోగ్రాం బాగున్నట్టు తోచిన ఎత్తులనే ఏరుకుని చూసేది. మాస్కోది ప్రతి ఎత్తునూ తిరగేసేది. నాలుగాటల్లో మాస్కో రెండు గెలిచింది, రెండు డ్రా. ఏరుకోవడం సరిగా రానివాడి కన్నా అన్నీ వెతికేవాడే నయమని ఆ పోటీ చెప్పింది.

రెడ్డి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1980ల్లో చదరంగ యంత్రాలకు పుట్టిల్లయింది. బెర్లినర్ బృందం హైటెక్ అనే యంత్రాన్ని, విద్యార్థులైన ఫెంగ్ స్యుంగ్ షూ, థామస్ అనంతరామన్, మరే క్యాంప్‌బెల్ తదితరులు డీప్ థాట్‌ను అక్కడే తయారు చేశారు. డీప్ థాట్ 1988లో బెంట్ లార్సెన్ అనే గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించింది. అదే ఏడాది అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్షోపన్యాసంలో రెడ్డి ఈ రంగం నేర్పిన పాఠాలను పేర్చి చెప్పాడు. జ్ఞానం లేని లోటును వెతుకులాట పూడుస్తుందన్నది వాటిలో ఒకటి. జ్ఞానం ఉన్నచోట వెతుకులాట అక్కర తీరిపోతుందన్నది దాని జోడీ. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలకు తొలి ఛాన్సలర్ ఆయనే. దర్శి పిల్లలు పదో తరగతి మార్కులతో సీటు కోసం చూసే ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఆ కుటుంబంలోదే.

రెడ్డి జోడీలో మొదటి సగానికి పరాకాష్ఠ డీప్ బ్లూ. 1997 మేలో కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించిన ఆ ఐబీఎం యంత్రం సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. దాని శక్తి ప్రత్యేకంగా పోతపోసిన 480 చిప్‌లలో ఉంది. అందుకే కిలోబైటు మైక్రోచెస్ ఇవాళ ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఆడుతుంటే, డీప్ బ్లూ మాత్రం రెండు బీరువాలుగా రెండు మ్యూజియంలలో నిలబడి ఉంది.

రెండో సగానికి రుజువులు ఆ తర్వాత వచ్చాయి. 2009లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన పోటీలో ఒక మొబైల్ ఫోనులో నడిచిన పాకెట్ ఫ్రిట్జ్ 4 పదాటల్లో 9.5 పాయింట్లు సాధించింది. అది సెకనుకు చూసింది 20 వేల లోపు స్థితులే. డీప్ బ్లూ చూసిన వాటిలో పదివేలో వంతు. 2017లో ఆల్ఫాజీరో సెకనుకు 80 వేల స్థితులతో, ఏడు కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ను గెలిచింది. స్థితిని తూచే నేర్పు పెరిగితే వెతకాల్సింది తగ్గుతుందని ఇవి చూపాయి. పాత ప్రోగ్రాం ఇదే త్రాసును అటు వైపు నుంచి చూపిస్తుంది: నేర్పు కదలదు, వెతుకులాట ఒక్కటే పెరుగుతుంది.

ఆట నేర్చుకునే పిల్లలకు పాత ప్రోగ్రాం నేరుగా పనికొస్తుంది. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో, కోనేరు హంపి 2002లో, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయిన ప్రాంతమిది. ఇప్పుడు ఫోనులో ఉచితంగా దొరికే ఇంజను ప్రపంచ విజేతను కూడా ఓడిస్తుంది, కానీ ఎందుకు గెలిచిందో అది పిల్లలకు విప్పి చెప్పదు. పాత ప్రోగ్రాం మనిషిలా తప్పు చేస్తుంది, ఆ తప్పుకు కారణం వెతికితే దొరుకుతుంది.

దర్శిలో ఓ మూల పడి ఉన్న డెస్క్‌టాప్ అయినా ఇందుకు చాలు. ఎత్తుల లోతును స్థాయిగా పెట్టుకునే పాత ప్రోగ్రాం ఒకటి తీసుకోండి. ఒకే స్థితిని రెండెత్తుల లోతులో, నాలుగులో, ఆరులో ఇచ్చి అది వేసిన ఎత్తును రాసుకోండి. లోతు పెరగగానే జవాబు బాగుపడితే అక్కడ కొరత వెతుకులాటది. ఆరెత్తులు చూశాక కూడా అదే చెడ్డ ఎత్తు వేస్తే, ఆ స్థితి గురించి దానికి తెలియనిది ఏదో ఉంది. ఆ తెలియనిదేమిటో పేరు పెట్టి చెప్పగలిగిన పిల్లవాడు ఆ ప్రోగ్రాం కన్నా ఒక నియమం ఎక్కువ నేర్చుకున్నట్టే. కాస్త కోడింగ్ వచ్చినవాడైతే ఆ నియమాన్ని తానే అందులో రాసి, మళ్లీ ఆడించి, ఎన్ని పాయింట్లు పెరిగాయో లెక్క చూసుకోవచ్చు.