తెరిచి ఉన్న తుపాకీయే నమ్మదగింది

షాట్‌గన్ పోటీల్లో గురి తప్పితే పోయేది ఒక పాయింటే. తుపాకీ మూసి భుజాన వేసుకుని మైదానంలో తిరిగితే మాత్రం జ్యూరీ పోటీ నుంచే తప్పించవచ్చు. వంతు రాని షూటర్ చేతిలో తుపాకీ ఎప్పుడూ తెరిచి, ఖాళీగా ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. పక్కనున్నవాళ్లు అడగనక్కర్లేకుండా, దూరం నుంచే అందులో తూటా లేదని పోల్చుకోగలగాలి. ఈ ఆయుధం విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క అలవాటులోనే ఉన్నాయి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వేటను దాదాపు పూర్తిగా ఆపేశాయి. కాబట్టి ఇక్కడ షాట్‌గన్ నైపుణ్యం అంటే ట్రాప్, స్కీట్ పోటీలే. గాల్లోకి విసిరిన 110 మిల్లీమీటర్ల బిళ్లను పగలగొట్టడం ఈ ఆట. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌కు డబుల్ ట్రాప్ రజతం తెచ్చిందీ, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కైనన్ చెనాయ్‌కి ట్రాప్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిందీ ఈ తరహా తుపాకీయే.

పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలున్న పన్నెండు బోర్ తుపాకీ. పైనున్న లీవర్‌ను పక్కకు నెడితే గొట్టాలు కిందికి వాలి, వెనక భాగంలో చాంబర్లు బయటపడతాయి. తుపాకీ చేతికి రాగానే మొదట చేయాల్సింది ఇదే. ఇచ్చినవారు ఎంత అనుభవజ్ఞులైనా, ఖాళీదేనని చెప్పినా సరే, తెరిచి కంటితో చూడాల్సిందే. తర్వాత రెండు గొట్టాల్లోంచీ వెలుగు కనిపిస్తోందో లేదో పరీక్షించాలి. బురద, గుడ్డ పీలిక, ఇరుక్కుపోయిన వాడ్ (తూటాలో మందునూ గుళ్లనూ వేరుచేసే అడ్డు) ఏదైనా లోపలుంటే పేల్చినప్పుడు గొట్టం చీలిపోవచ్చు. సేఫ్టీ క్యాచ్ మీద భరోసా పెట్టుకోవడం తెలివి తక్కువ పని. చాలా తుపాకుల్లో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. లోపలి సుత్తి బిగిసే ఉంటుంది. కింద పడితేనో గట్టిగా తగిలితేనో అది జారవచ్చు.

తూటాల విషయంలో లెక్క కాస్త తిరకాసుగా ఉంటుంది. ఒక పౌను సీసంతో పన్నెండు సమాన గుండ్లు చేస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోర్. లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే. ఇరవై బోర్ తూటాను పొరపాటున పన్నెండు బోర్ తుపాకీలో వేస్తే అది చాంబర్ దాటి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగానే అనిపిస్తుంది. అప్పుడు పన్నెండు బోర్ తూటా వేసి పేలిస్తే ఎడమ చేతి వేళ్లకే ఎసరు. ఇరవై బోర్ తూటాలకు సాధారణంగా పసుపు రంగు వేసేది ఇందుకే. రెండు రకాలూ ఒకే జేబులో, ఒకే సంచిలో ఎప్పుడూ ఉండకూడదు.

పొడవు కూడా చూడాలి. తూటా మీద ముద్రించే 70 మిల్లీమీటర్లు పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పాత తుపాకుల్లో 65 మిల్లీమీటర్ల చాంబర్లుంటాయి. పేలని 70 మిల్లీమీటర్ల తూటా వాటిలో సులువుగానే దూరుతుంది. పేలాక మూతి విచ్చుకునే చోటు చాలక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. తాతల కాలం నాటి తుపాకీని నిపుణుడు పరీక్షించకుండా పేల్చకూడదు.

తూటా నింపేది షూటింగ్ స్థానంలో నిలబడి, గొట్టం మూతి బిళ్లలు ఎగిరే వైపు ఉంచాకే. మూసేటప్పుడు గొట్టాలను పైకి లేపడం కన్నా, వాటిని నేల వైపు ఉంచి తుపాకీ మడమను పైకి తెచ్చి కలపడం మేలు. మూతి అదుపులో ఉంటుంది. బిళ్ల కోసం పిలుపు ఇచ్చి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. ట్రాప్ అర్హత రౌండ్లలో ఒక్కో బిళ్లకు రెండు తూటాలు వాడొచ్చు. మొదటిదానికే బిళ్ల పగిలితే రెండోది గొట్టంలోనే ఉండిపోతుంది. తెరిచి దాన్ని తీశాకే పక్క స్థానానికి కదలాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి మూతి అటే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. శబ్దం మామూలుకన్నా తేలిగ్గా, తుస్సుమన్నట్టు వస్తే మరింత అనుమానించాలి. వాడ్ గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు. తూటాలు తీసేసి గొట్టం చూడకుండా రెండో తూటా పేల్చకూడదు.

సన్న గుళ్లు సైతం రెండు వందల మీటర్లకు పైగా పోగలవు కాబట్టి మైదానం ముందు విశాలమైన ఖాళీ స్థలం వదులుతారు. చెవులకు రక్షణ, కళ్లద్దాలు తప్పనిసరి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ కోరేవారు భద్రతా శిక్షణ పొందాలి. ఇంట్లో తుపాకీని ఒక తాళం కింద, తూటాలను వేరే తాళం కింద ఉంచాలి. గుళ్లు సీసం కాబట్టి ఆట అయ్యాక తినడానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.